క్వార్టర్ మీద పౌలీ మర్రే: జాతి పోరాటం, స్త్రీల పోరాటం రెండా, ఒకటా?

శ్రీదేవి (ఎడిసన్, న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. మొన్న కొట్లో ఇచ్చిన చిల్లరలో ఒక క్వార్టర్ (పావు డాలరు నాణెం) వచ్చింది. వెనకవైపు ఇంగ్లిష్‌లో హోప్ అన్న నాలుగు అక్షరాలు, ఆ అక్షరాల లోపల కళ్ళజోడు పెట్టుకున్న ఒక మొహం. పేరు పౌలీ మర్రే. 2024లో విడుదలైన నాణెం. ఎవరీవిడ అని చదవడం మొదలుపెట్టాను, ఇక వదల్లేకపోతున్నాను.

1910లో బాల్టిమోర్‌లో పుట్టి, నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో పెరిగిన నల్లజాతి అమ్మాయి. 1938లో నార్త్ కరోలినా యూనివర్సిటీకి దరఖాస్తు పెడితే, మీ జాతివాళ్ళను చేర్చుకోం అని జవాబు వచ్చింది. 1940లో వర్జీనియాలోని పీటర్స్‌బర్గ్‌లో, బస్సులో విరిగిన వెనక సీట్లోకి పొమ్మంటే పోనన్నందుకు స్నేహితురాలితో పాటు జైల్లో వేశారు. బస్సులో సీటు వదలనన్న రోజా పార్క్స్ సంఘటనకు అది 15 ఏళ్ళ ముందు మాట. అప్పటికే గాంధీ సత్యాగ్రహం గురించి చదువుకుని ఉన్నారట.

తర్వాత హోవర్డ్ యూనివర్సిటీలో లా చేరారు. నల్లవాళ్ళ చదువు కోసం పుట్టిన యూనివర్సిటీ కాబట్టి అక్కడ జాతి అడ్డు రాలేదు. కానీ క్లాసులో ఆడమనిషి ఆవిడ ఒక్కరే. 1944లో అందరికంటే ఫస్టున పాసయ్యారు. పై చదువుకు హార్వర్డ్‌కు రాస్తే, వాళ్ళు ఆడవాళ్ళను తీసుకోం అన్నారు. ఆరేళ్ళ తేడాతో ఒకే మనిషికి రెండు తలుపులు మూశారు, రెండు వేర్వేరు కారణాలు చెప్పి.

మనకు తెలిసిన అమెరికా చరిత్రలో నల్లవాళ్ళ ఉద్యమం ఒక పాఠం, ఆడవాళ్ళ ఉద్యమం ఇంకో పాఠం. ఈవిడ ఏ పాఠంలోకి వస్తారు? తెలిసినవాళ్ళు చెప్పండి.

నల్లకోటు (రిచ్‌మండ్, వర్జీనియా)

మంచి ప్రశ్న శ్రీదేవి గారూ. నేను ఉద్యోగ వివక్ష కేసులు చూసే లాయర్ని. మీ ప్రశ్నకు కోర్టు ఇచ్చిన జవాబు ఒకటి ఉంది. చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

1976 నాటి తీర్పు, మిస్సోరీ. సెయింట్ లూయిస్‌లోని జనరల్ మోటార్స్ మీద ఐదుగురు నల్లజాతి స్త్రీలు కేసు వేశారు. కేసు పేరు డీగ్రాఫెన్‌రీడ్. 1964కు ముందు ఆ కంపెనీ నల్లజాతి స్త్రీలను ఉద్యోగాల్లోకి తీసుకోలేదు. చట్టం వచ్చాక తీసుకున్నారు. 70ల మొదట్లో మాంద్యం వచ్చి మనుషుల్ని తీసేయాల్సి వచ్చింది. చివర్లో చేరినవాళ్ళను ముందు తీసేయడం సీనియారిటీ రూల్. పైకి చూస్తే ఎవరికీ అన్యాయం చేయని రూల్. కానీ ఆఖరున చేరింది ఎవరు? చేరనిస్తే కదా ముందు చేరడానికి! 1970 తర్వాత చేరిన నల్లజాతి స్త్రీలందరి ఉద్యోగాలూ పోయాయి.

కోర్టు ఏమందంటే: కంపెనీలో ఆడవాళ్ళు ఎప్పటినుంచో పనిచేస్తున్నారు, కాబట్టి స్త్రీ వివక్ష లేదు. (ఆ ఆడవాళ్ళంతా తెల్లవాళ్ళు.) జాతి వివక్ష అంటారా, దాని మీద వేరే కేసు నడుస్తోంది, అందులో కలవండి. అంతేగానీ రెండూ కలిపి నల్లజాతి స్త్రీలు అనే కొత్త వర్గాన్ని సృష్టించి, ఎవరికీ లేని అదనపు పరిహారం అడిగితే కుదరదు. నల్లవాళ్ళుగా రండి, లేదా ఆడవాళ్ళుగా రండి, నల్ల ఆడవాళ్ళుగా మాత్రం రావద్దు అన్నమాట.

1989లో కింబర్లీ క్రెన్‌షా అనే లా ప్రొఫెసర్ ఈ తీర్పునే పట్టుకుని, రెండు వివక్షలు ఒకే మనిషి మీద కలిసి పడితే చట్టం కళ్ళకు కనపడకుండా పోతోందని వ్యాసం రాశారు. ఇంటర్‌సెక్షనాలిటీ అని ఇప్పుడు అందరూ వాడే మాట అక్కడిదే. ఆ మాటను ఇష్టం వచ్చినట్టు లాగి వాడేవాళ్ళున్నారు, నిజమే. కానీ దాని వెనక ఉన్నది ఉద్యోగం పోయిన ఐదుగురు మనుషులు.

పౌలీ మర్రే ఈ సంగతి 40లలోనే చెప్పారు. నల్లవాళ్ళను వేరు చేసే చట్టాలను జిమ్ క్రో అనేవాళ్ళు కదా, హోవర్డ్‌లో తనకు ఎదురైనదానికి ఆవిడ జేన్ క్రో అని పేరు పెట్టారు.

రమణ (ప్లేనో, టెక్సాస్)

చరిత్ర బాగుంది, కాదనను. కానీ 1964 సివిల్ రైట్స్ చట్టం వచ్చి 60 ఏళ్ళు దాటింది. నల్లజాతి అధ్యక్షుడు రెండుసార్లు గెలిచాడు. ఇంకా ఎన్నాళ్ళు జాతి చూసి సీట్లు, జాతి చూసి ఉద్యోగాలు? ఆ లెక్కల్లో నష్టపోయింది మన పిల్లలే. మార్కులన్నీ ఉండి, సాయంత్రాలు కూడా చదువుకే పెట్టిన పిల్లవాడికి సీటు రాకపోతే ఆ ఇంట్లో ఎంత టెన్షనో పడినవాళ్ళకే తెలుస్తుంది. 2023లో సుప్రీంకోర్టు హార్వర్డ్ కేసులో జాతి చూడొద్దని తేల్చి మంచి పని చేసింది. అందరికీ ఒకే కొలత ఉండాలి. నేను మనస్ఫూర్తిగా నమ్మేది ఇదే.

శ్రీదేవి (ఎడిసన్, న్యూజెర్సీ)

రమణ గారూ, పిల్లల సీట్ల బాధ నాకూ తెలుసు. కానీ సెయింట్ లూయిస్‌లో సీనియారిటీ రూల్ కూడా ఒకే కొలతే కదండీ?

నల్లకోటు (రిచ్‌మండ్, వర్జీనియా)

రమణ గారూ, మీరు చెప్పిన కేసులోనే బయటపడిన లెక్క ఒకటి చూడండి. ఆ రికార్డులను విశ్లేషించిన ఆర్థికవేత్తలు చూస్తే, హార్వర్డ్‌లో సీటొచ్చిన తెల్ల విద్యార్థుల్లో 43 శాతానికి పైగా నాలుగు గుంపులవాళ్ళు: ఆటల కోటా, అక్కడే చదివినవాళ్ళ పిల్లలు, అక్కడి అధ్యాపకుల పిల్లలు, దాతల పిల్లల్లాంటి ప్రత్యేక జాబితా. నల్లజాతి, లాటినో, ఆసియా విద్యార్థుల్లో ఈ గుంపులవాళ్ళు 16 శాతం కూడా లేరు. 2023 తీర్పు నల్లవాళ్ళకు దొరికే కొద్దిపాటి మొగ్గును తీసేసింది, వీటి జోలికి పోలేదు. మన పిల్లవాడి సీటు ఎటు పోయిందో వెతకాలంటే ముందు అటు చూడాలి.

రమణ (ప్లేనో, టెక్సాస్)

తాతముత్తాతల పేరు చెప్పి సీటు ఇవ్వడం కూడా ఎత్తేయాలి, అందులో నాకు రెండో మాట లేదు. ఒక తప్పు ఉందని ఇంకోటి ఉంచమంటే మాత్రం ఒప్పుకోను.

డెట్రాయిట్ బాబాయ్

రమణా, నువ్వు నా తమ్ముడి వయసువాడివి అనుకుని చెబుతున్నా, ఏమీ అనుకోకు.

నేను 70లలో డాక్టరుగా ఈ దేశం వచ్చాను. ఎలా రాగలిగానో తెలుసా? 1923లో సుప్రీంకోర్టు, భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ కేసులో, భారతీయులు తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి ఆయన. 1946లో చట్టం మార్చి భారతదేశం మొత్తానికీ ఏడాదికి 100 మందిని రానిస్తామన్నారు. ఆంధ్రాకు అందులో ఎన్ని వస్తాయో లెక్క వేసుకో. ఆ కోటా పద్ధతిని పడగొట్టిన చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టింది 1965 అక్టోబర్ 3న. అంతకు ముందు ఏడాది సివిల్ రైట్స్ చట్టం, ఆ ఏడాది ఆగస్టులోనే నల్లవాళ్ళకు ఓటు హక్కు కాపాడే చట్టం. అదే కాలం, అదే ఊపు. ఓటు హక్కు కోసం ఊరేగుతూ సెల్మా వంతెన మీద లాఠీదెబ్బలు తిన్న నల్లవాళ్ళు మన వీసాల కోసం తినలేదు, కానీ ఆ వీసా మనకు దక్కింది. అది మరిచిపోతే ఎలా?

ఇంకో సంగతి. మా డెట్రాయిట్‌లో ఎయిట్ మైల్ రోడ్డు దగ్గర ఒక గోడ ఉంది. బర్‌వుడ్ గోడ అంటారు. ఆరడుగుల ఎత్తు, అర మైలు పొడవు, కాంక్రీటుది. 1941లో ఒక బిల్డరు కట్టాడు. నల్లవాళ్ళ ఇళ్ళ పక్కన తెల్లవాళ్ళ కోసం కాలనీ వేస్తానంటే, ప్రభుత్వ సంస్థ అక్కడి ఇళ్ళ అప్పులకు పూచీ ఇవ్వనంది. మధ్యలో గోడ కడితే పూచీ ఇచ్చింది. ఆ గోడ ఇప్పటికీ ఉంది, కొంత భాగం మీద బొమ్మలు వేశారు. చేత్తో తాకి చూశాను. ఈ దేశంలో మామూలు కుటుంబానికి ఆస్తి అంటే ఇల్లే. ఇంటి మీద అప్పు తీసి పిల్లల్ని చదివిస్తారు. గోడకు అటువైపు అప్పు పుట్టింది, ఇటువైపు పుట్టలేదు. ఇళ్ళ అమ్మకంలో జాతి చూడకూడదని చట్టం 1968లో గానీ రాలేదు, అదీ మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన వారానికి. 27 ఏళ్ళపాటు ఒకవైపే పెరిగిన ఆస్తి, ఆ రోజు నుంచి ఒకే కొలత అనగానే సమానమైపోతుందా?

రాధ, నర్సు (అట్లాంటా)

బాబాయ్ గారు ఇళ్ళ సంగతి చెప్పారు. నేను ప్రసూతి వార్డు సంగతి చెబుతాను. శ్రీదేవి అక్క అడిగిన ప్రశ్న, రెండూ కలిసేది ఎక్కడ అని, నేను రోజూ చూసేది అక్కడే.

సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) లెక్క, 2023: లక్ష కాన్పులకు చనిపోయిన తల్లులు తెల్లజాతిలో 14.5, నల్లజాతిలో 50.3. మూడు రెట్లకు పైనే. డబ్బు లేకపోవడం వల్లనో, చదువు లేకపోవడం వల్లనో అనుకుంటారు చాలామంది. సీడీసీ 2007 నుంచి 2016 వరకు చావులను చదువును బట్టి కూడా విడదీసి చూసింది. డిగ్రీ చదివిన నల్లజాతి స్త్రీలలో ప్రసూతి చావులు, డిగ్రీ చదివిన తెల్లజాతి స్త్రీలకంటే ఐదు రెట్లు ఎక్కువ. చదువు పెరిగే కొద్దీ తేడా తగ్గాలి కదా, తగ్గలేదు.

సెరెనా విలియమ్స్ సంగతి అందరికీ తెలిసే ఉంటుంది. 2017లో కాన్పయిన మర్నాడు ఊపిరి అందక, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ ఉందేమో స్కాన్ చేయండి అని ఆవిడే అడగాల్సి వచ్చింది. నర్సు మందుల ప్రభావంతో తికమకగా మాట్లాడుతున్నారనుకుంది. చివరికి స్కాన్ తీస్తే గడ్డలు ఉన్నాయి. ప్రపంచ ఛాంపియన్ మాటే వినలేదంటే, రాత్రి షిఫ్టు చేసి వచ్చిన గర్భిణి మాట ఎవరు వింటారు?

వేలికి పెట్టే క్లిప్పు ఉంటుంది చూడండి, ఆక్సిజన్ చూపించేది. కోవిడ్ టైంలో అందరి ఇళ్ళల్లోకీ వచ్చింది. ఎర్ర కాంతి చర్మం లోంచి పంపి లెక్క కడుతుంది. చర్మం రంగు ముదురైతే అసలు ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంది. 2020 డిసెంబర్‌లో మిషిగన్ డాక్టర్లు అచ్చువేసిన పరిశోధనలో, క్లిప్పు బాగానే ఉందని చూపిస్తుండగా రక్తంలో నిజానికి ఆక్సిజన్ పడిపోయిన సందర్భాలు తెల్ల రోగుల్లో 3.6 శాతం, నల్ల రోగుల్లో 11.7 శాతం. క్లిప్పుకు ద్వేషం ఉంటుందా? ఎవరి చర్మం మీద సరిచూసి తయారు చేశారన్నదే విషయం. ఆయాసం అంటున్న తల్లి పక్కన తెర మీద 95 కనబడితే, డ్యూటీలో ఉన్న మనిషి తెరనే నమ్ముతుంది. మేం కొత్తగా చేరే నర్సులకు ఇదే చెబుతాం: తెర ఒక్కటే చూడకు, ఆవిడ చెప్పేది విను, పెదవులు చూడు, ఊపిరి ఎన్నిసార్లు తీస్తోందో నువ్వే లెక్కపెట్టు. మన రంగు కూడా ముదురే అని మరచిపోవద్దు.

రమణ (ప్లేనో, టెక్సాస్)

రాధ గారూ, ఆ క్లిప్పు సంగతి నాకు తెలియదు. మా నాన్నగారికి ఇంట్లో అదే వాడుతున్నాం, ఆయన చామనఛాయ కంటే ఇంకొంచెం నలుపు. డాక్టర్ని అడుగుతాను. సీట్ల విషయంలో నా మాట నాదే, ఇది వేరే.

తెనాలి పిల్ల

పౌలీ మర్రే గురించి ఒక మాట. ఆవిడ తనను తాను పూర్తిగా స్త్రీ అనుకోలేదు. లోపల మగవాడినే అన్న భావనతో 30లలోనే డాక్టర్లను హార్మోన్ చికిత్స అడిగారు, వాళ్ళు ఇవ్వలేదు. అంటే మూడో తలుపు కూడా మూశారన్నమాట. బతికున్నప్పుడు ఆ సంగతి బయటకు చెప్పుకునే వీలు లేదు, ఆవిడ కాగితాల వల్ల తర్వాత తెలిసింది. ఈ చర్చలో అదీ ఉండాలి.

శ్రీదేవి (ఎడిసన్, న్యూజెర్సీ)

చాలా థాంక్స్ అమ్మా. ఇంకా చదువుతుంటే తెలిసిన రెండు విషయాలు.

ఒకటి, హోవర్డ్‌లో చదివేటప్పుడు ఆవిడ, వేరుగా ఉంచినా సౌకర్యాలు సమానంగా ఉన్నాయా అని కొట్లాడటం మానేసి, వేరుగా ఉంచడమే రాజ్యాంగ విరుద్ధం అని వాదించాలంది. క్లాసు మొత్తం నవ్వింది. వేరుగా ఉంచినా సమానంగా ఉంటే చాలన్న సుప్రీంకోర్టు పాత తీర్పు 25 ఏళ్ళలోపు పోతుందని ప్రొఫెసర్ స్పాట్స్‌వుడ్ రాబిన్సన్‌తో పది డాలర్లు పందెం కాసింది. పదేళ్ళకే, 1954లో, బడుల్లో జాతిని బట్టి పిల్లల్ని వేరు చేయడం మీద నడిచిన బ్రౌన్ కేసులో పోయింది. ఆ కేసు వాదించిన జట్టులో రాబిన్సన్ ఉన్నారు, ఆవిడ పాత పేపరు బయటకు తీసి వాళ్ళు చూశారట. ఆవిడకు ఆ విషయం చెప్పింది మాత్రం ఎన్నో ఏళ్ళ తర్వాత!

రెండు, 1963 వాషింగ్టన్ ర్యాలీ. నాకొక కల ఉంది అని కింగ్ మాట్లాడిన సభ. దానికి రెండు రోజుల ముందు ఉద్యమ నాయకుడు రాండాల్ఫ్ నేషనల్ ప్రెస్ క్లబ్‌లో మాట్లాడటానికి ఒప్పుకున్నారు. ఆ క్లబ్బులో ఆడవాళ్ళకు సభ్యత్వం లేదు. మహిళా విలేకరులు పైన బాల్కనీలో నిలబడి రాసుకోవాలి, కింద భోజనం చేస్తున్న మగ విలేకరుల్లా ప్రశ్నలు అడగకూడదు. మర్రే ఆయనకు ఉత్తరం రాశారు: మిమ్మల్ని బస్సులో వెనక్కి పంపితే ఎలా ఉంటుందో, వాళ్ళను బాల్కనీకి పంపితే అలాగే ఉంటుంది అని. ఆయన అక్కడే మాట్లాడారు. ర్యాలీలో కూడా ముఖ్య ప్రసంగాల్లో ఒక్క ఆడమనిషి లేదు, డైసీ బేట్స్‌కు కొద్ది మాటలకు చోటిచ్చారు. ఇళ్ళిళ్ళూ తిరిగి జనాన్ని కూడగట్టింది ఎవరో కింగ్‌కు తెలియదా? ఈ ఒక్క విషయంలో నాకు ఆ నాయకుల మీద కోపం తగ్గడం లేదు.

నల్లకోటు (రిచ్‌మండ్, వర్జీనియా)

శ్రీదేవి గారూ, మర్రే కోపాన్ని పనిలో పెట్టారు. 1964 చట్టంలో ఉద్యోగాల భాగానికి స్త్రీ పురుష వివక్ష అన్న మాట చేర్చమన్నది ఎవరనుకున్నారు? వర్జీనియా సభ్యుడు హోవర్డ్ స్మిత్, ఆ చట్టానికే బద్ధ వ్యతిరేకి. సెనేట్‌లో ఆ మాట తీసేస్తారని భయం వచ్చింది. అది లేకపోతే చట్టం సగం మంది నల్లవాళ్ళకు పనికిరాదు, నల్లజాతి స్త్రీ తనను ఏ కారణంతో తోసేశారో ఎలా తేల్చుకుంటుంది అని మర్రే ఒక నోట్ రాసి పంచారు. మాట నిలిచింది. 1966లో మహిళల జాతీయ సంస్థ పెట్టినవాళ్ళలో ఆవిడ ఒకరు. 1971లో, తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయిన లాయర్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్, రీడ్ కేసులో తొలిసారి స్త్రీ వివక్ష రాజ్యాంగ విరుద్ధం అని సుప్రీంకోర్టు చేత అనిపించారు. ఆ వాదన పత్రం అట్ట మీద తన పేరుతో పాటు పౌలీ మర్రే పేరు, డొరొతీ కెన్యన్ అనే పెద్ద లాయరమ్మ పేరు వేశారు. అందులో వాళ్ళు ఒక్క వాక్యం రాయలేదు. ఆ ఆలోచన వాళ్ళదని ఒప్పుకోవడం అది.

వరంగల్ పాఠకుడు

ఇది అమెరికా గోలే అనుకోకండి. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో 2021 ఏప్రిల్‌లో మన సుప్రీంకోర్టు తీర్పు చదవండి. పుట్టుకతో చూపు లేని దళిత యువతి మీద అత్యాచారం. జస్టిస్ చంద్రచూడ్ ఆ తీర్పులో కులం, స్త్రీత్వం, వైకల్యం విడివిడిగా కాక కలిసి ఎలా ఒక మనిషి మీద పడతాయో వివరంగా రాశారు, పైన చెప్పిన క్రెన్‌షా వ్యాసం ప్రస్తావన కూడా ఉంది. అత్యాచారం శిక్ష నిలిచింది. కానీ కులం కారణంగానే చేశాడని సాక్ష్యం లేదని ఎస్సీ ఎస్టీ చట్టం కింద పడిన శిక్షను కొట్టేశారు. అర్థం చేసుకున్నదీ అదే కోర్టు, విడదీసి చూడాల్సి వచ్చిందీ అదే కోర్టు.

సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించింది. కాలిఫోర్నియాలో బిల్లు సభలు దాటినా అదే ఏడాది అక్టోబర్‌లో గవర్నర్ వీటో చేశారు. అక్కడ వివక్ష గురించి మాట్లాడే మనవాళ్ళు ఆ బిల్లు దగ్గర ఎటు నిలబడ్డారో ఎవరికి వారు చెప్పుకోవాలి.

స్వాతి (పిస్కాటవే, న్యూజెర్సీ)

అందరి మాటలూ చదివాను. నేను డిపెండెంట్ వీసా మీద వచ్చినదాన్ని. ఇండియాలో టీం లీడ్‌గా చేసి వచ్చి ఇక్కడ ఇంట్లో కూర్చున్నాను. మావారి గ్రీన్ కార్డు పిటిషన్‌కు ఆమోదం వచ్చాకే నాకు పని అనుమతి వచ్చింది. (2015కు ముందు అదీ లేదు.) ఆ తర్వాత గ్యాప్ ఉందని తక్కువ జీతానికి చేరాను. పక్క సీటు అబ్బాయికి నాకంటే బాగా ఎక్కువని తర్వాత తెలిసింది, ఒకే పని. ఇప్పుడు వేరే చోట ఇంటర్వ్యూ ఉంది. పాత జీతం అడిగితే ఏం చెప్పాలి?

నల్లకోటు (రిచ్‌మండ్, వర్జీనియా)

స్వాతి గారూ, చెప్పనవసరం లేదు. న్యూజెర్సీలో 2020 జనవరి 1 నుంచి పాత జీతం అడగడమే నిషేధం. ఒకచోట తక్కువిస్తే అది ప్రతి ఉద్యోగానికీ వెంట వస్తుంది, అందుకే ఆ చట్టం. 2025 జూన్ నుంచి పదిమంది, ఆపైన ఉన్న కంపెనీలు ప్రకటనలోనే జీతం ఎంత నుంచి ఎంత వరకో వేయాలి.

అలబామాలో గుడ్‌ఇయర్ టైర్ల ఫ్యాక్టరీలో లిల్లీ లెడ్‌బెటర్ అనే సూపర్‌వైజర్ ఉండేవారు. రిటైరయ్యే ముందు ఎవరో పేరు లేకుండా రాసి పెట్టిన చీటీ దొరికితే తెలిసింది, ఆవిడకు నెలకు 3,727 డాలర్లు, అదే పనిలో అందరికంటే తక్కువ తీసుకునే మగవాడికి 4,286 అని. తక్కువ జీతం నిర్ణయించిన 180 రోజుల్లోపు ఫిర్యాదు చేయలేదని 2007లో సుప్రీంకోర్టు 5-4తో ఓడించింది. తెలియని దాని మీద ఫిర్యాదు ఎలా చేస్తారు! 2009 జనవరిలో ఒబామా సంతకం పెట్టిన చట్టంతో, తక్కువ జీతం చెక్కు అందిన ప్రతిసారీ గడువు మళ్ళీ మొదలవుతుంది. ఆవిడకు మాత్రం ఒక్క డాలరు రాలేదు.

కాబట్టి మీ పాత కంపెనీ సంగతి కూడా వదలకండి. న్యూజెర్సీలో ఫెడరల్ ఫిర్యాదుకు గడువు 300 రోజులు. తేదీలు, ఈమెయిళ్ళు, ఆ అబ్బాయి పని వివరాలు ఒకచోట రాసిపెట్టుకుని దగ్గర్లో లాయర్ని కలవండి. జీతాల గురించి తోటివాళ్ళతో మాట్లాడుకోవడం మామూలు ఉద్యోగులకు చట్టమిచ్చిన హక్కు, మాట్లాడొద్దని కంపెనీ అనకూడదు.

స్వాతి (పిస్కాటవే, న్యూజెర్సీ)

థాంక్స్ అండీ. ఇంటర్వ్యూ సోమవారం. ప్రకటనలో రేంజ్ వేశారు, ఇప్పుడే చూశాను. పై అంకె దగ్గర నుంచే మాట మొదలుపెడతాను. శ్రీదేవి అక్కా, పక్కనే ఎడిసన్‌లోనే కదా మీరు, లాయర్ ఎవరైనా తెలిస్తే మెసేజ్ పెట్టండి.

శ్రీదేవి (ఎడిసన్, న్యూజెర్సీ)

పెట్టాను స్వాతీ, చూసుకో. కలవడానికి వెళ్ళేటప్పుడు చెప్పు, తోడు వస్తాను.